నోరు మూయించిన బండి

అక్కా,

నాకేం కాలేదు, కంగారు పడకు. నిన్న నేను నడుపుతున్న కారును లారీ గుద్దింది. బెల్టు నన్ను సీటుకు అదిమి పట్టింది, ఎయిర్‌బ్యాగు తెరుచుకుని ముఖాన్ని కాపాడింది. పక్కసీట్లో ఉన్న మా సారు పోయారు. బెల్టు పెట్టుకోకపోతే బండి ఒకటే కూత పెడుతుందని, ఆయన బెల్టును వీపు వెనకగా క్లిప్పులో పెట్టి కూర్చునేవారు. "చూశావా, నోరు మూయించాను" అని నవ్వేవారు. బెల్టు పెట్టుకున్నారనే బండి అనుకుంది. వాళ్ళమ్మగారు నన్ను పట్టుకుని, "నువ్వెలా బతికావు నాయనా?" అని అడిగారు.

ఇక స్టీరింగు పట్టలేను. అక్కడే ఏదైనా పని చూడు. అమ్మకు ఈ సంగతి చెప్పకు. చంటిదాని దగ్గు తగ్గిందా? బావ హెల్మెట్ మోచేతికి తగిలించుకుని తిరుగుతాడుగా, తలకు పెట్టుకోమను. నీ కాళ్ళు మొక్కుతాను.

నీ తమ్ముడు