ఒంటి దారిలో వెనక్కి తిప్పిన కారు

డఫ్‌టౌన్,
మే నెలాఖరు, ఆదివారం.

అమ్మకు, సెంగా ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ అల్లుడు మర్డో కులాసాగానే ఉన్నాం. డునెడిన్‌లో నువ్వూ, అన్నయ్యా, వదినా అలాగే ఉన్నారని తలుస్తాను. భూగోళానికి ఆ కొసన ఉన్నారు కాబట్టి మీకక్కడ ఇప్పుడే చలి మొదలై ఉంటుంది. వదిన అల్లిన శాలువా బాగుందని పెట్టెలో దాచుకోకు, కప్పుకో.

మేము ప్రయాణం నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం తలుపు వెనక పడి ఉంది. కోటు విప్పకుండానే చదివాను. ముందు నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తాను. లేకపోతే ఏదో ఒకటి ఎగ్గొట్టానని మళ్ళీ రాస్తావు.

అవును, దారంతా కారు నేనే నడిపాను. "సైకిలే తిన్నగా తొక్కలేని దానివి, నీకు కొండదారులా?" అని రాశావు కదా. అమ్మా, నేను యాపిల్‌క్రాస్ కనుమ ఎక్కాను! రోడ్డు మడతలు పెట్టిన దుప్పటిలా దాని మీదకే అది తిరిగి ఉంటుంది. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు, ఎక్కడో కింద సముద్రం. రెండు బళ్ళు పట్టవు. సరిగ్గా మలుపులో ఒక క్యాంపర్ వ్యాన్ ఎదురొచ్చింది. నడిపేవాడు ఇంగ్లండు మనిషి. వెనక్కి వెళ్ళడం చేతకాక చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. నేనే వెనక్కి నడుపుకుంటూ పోయి, బళ్ళు తప్పుకోవడానికి వదిలిన జాగాలో పెట్టాను. అతను పక్కన ఆగి అద్దం దించాడు.

"చాలా థాంక్సండీ. మీరు ఈ కొండల్లోనే పుట్టి పెరిగారా?"

"లేదు బాబూ, డ్రైవింగ్ పరీక్ష మూడోసారికి గట్టెక్కినదాన్ని," అన్నాను. మర్డో ఎంత నవ్వాడంటే తన టోపీ కింద పడింది.

నువ్వు భయపడ్డట్టు నా కారు కింద పడి గొర్రెలేవీ చావలేదు. ఒక గొర్రెపిల్ల మాత్రం వెచ్చగా ఉందని రోడ్డు మధ్యలో పడుకుని ఎంతకీ లేవలేదు. దిగి, ఎత్తి పక్కన పెట్టాను. వాళ్ళమ్మ నన్ను దొంగను చూసినట్టు చూసింది. గదులకూ, పెట్రోలుకూ, భోజనాలకూ వెళ్ళేముందు ఎంత అనుకున్నానో అంతలోనే సరిపెట్టాను. కాబట్టి దాని గురించి నువ్వు బెంగపడనక్కర్లేదు.

తాగని దానివి విస్కీ డిస్టిలరీల చుట్టూ తిరగడమేమిటి అని కూడా అడిగావు. తాగనిదాన్ని కాబట్టే తిరిగాను. ఇక్కడ గుక్కెడు తాగి స్టీరింగు పట్టుకున్నా పోలీసులు వదలరు. అందుకే ప్రతి డిస్టిలరీలోనూ గ్లాసులు పంచే ముందు "మీలో డ్రైవరెవరు?" అని అడుగుతారు. డ్రైవరు వంతు చిన్న సీసాలో పోసి మూత బిగించి ఇస్తారు, ఇంటికెళ్ళాక తాగమని. అడిగేవాళ్ళ కళ్ళు ముందు మర్డో వైపే వెళ్ళేవి. "నేనండీ" అని నేను చెయ్యెత్తేదాన్ని. ప్రతిసారీ అవసరానికి మించి పైకెత్తాననే అనుకుంటాను.

ఇక నీ చివరి ప్రశ్న. "ముప్ఫై ఏళ్ళుగా విస్కీ కాచే రాగి బానల పక్కన చెమటోడుస్తున్నాడు, నా అల్లుడికి ఆ కుర్చీ ఖాయమైందా లేదా?" దీనికి జవాబు ఒక్క ముక్కలో రాయలేను. అందుకే చివరికి ఉంచాను.

ఆ కుర్చీ సంగతి నీకు తెలుసు. మర్డో పనిచేసే డిస్టిలరీలో ముసలి బ్యాక్‌స్టర్ శరదృతువులో మానేస్తున్నాడు. గోదాములో ఏళ్ళ తరబడి నిలవున్న పీపాల్లోంచి నమూనా తీసి, వాసన చూసి, ఇది తయారైంది, దీన్ని ఇంకొన్నాళ్ళు ఉంచండి, ఇది పాడైంది అని చెప్పే పని ఆయనది. ఆయన మాటకు మేనేజరు కూడా ఎదురుచెప్పడు. మా పెళ్ళినాటి నుంచీ మర్డో ఆ కుర్చీ కోసమే కాచుకున్నాడు. మేనేజరు గిల్లీస్ జూన్ లోపే పేరు చెబుతానన్నాడు. అది మర్డో పేరే అవుతుందని ఊరంతా అనుకుంది.

అమ్మా, నీకు రాయని సంగతి ఒకటుంది. ఫిబ్రవరిలో మర్డోకి ఫ్లూ వచ్చి తగ్గిందని రాశాను. జ్వరం తగ్గింది కానీ దాంతోపాటు అతని ముక్కు కూడా పోయింది. ఒకనాడు నేను పెరట్లోంచి వచ్చేసరికి పొయ్యి మీద ఓట్స్ జావ మాడి వంటిల్లంతా పొగ. మర్డో పొయ్యి పక్కనే నిలబడి పేపరు చదువుకుంటున్నాడు. గిన్నె దించి అతని వైపు చూశాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"జ్వరం తగ్గినప్పట్నుంచి. నీ సబ్బు వాసన కూడా తెలీట్లేదు సెంగా."

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పొద్దన్నాడు మర్డో. నీ దగ్గర దాచడం నాకు కష్టమే అయింది. మే నెలలో సెలవు పెట్టి, "పడమటి దీవుల విస్కీ పొగ వాసనకి చచ్చినవాడు కూడా లేచి తుమ్ముతాడు. ఆ దెబ్బకి నా ముక్కు లేవాలి. నడుపుతావా?" అని అడిగాడు. నేను నడిపింది అందుకు.

స్పే నది పక్కనున్న డిస్టిలరీల్లో మొదలుపెట్టాం. మర్డో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నేను అతని మొహమే చూస్తూ ఉండేదాన్ని. కాసేపటికి కళ్ళు తెరిచి, ఏమీ ఎరగనట్టు గ్లాసు నాకిచ్చి, "నీకేమనిపిస్తోంది?" అనేవాడు. తాగకూడదు గానీ వాసన చూడొచ్చు కదా. నాకు తెలిసిన మాటల్లో చెప్పేదాన్ని. నారింజ మార్మలేడ్ అడుగంటినట్టుంది, ఇస్త్రీ చేసిన దుప్పట్లలా ఉంది, నాన్న పొగాకు డబ్బాలా ఉంది. మర్డో రంగు చూసి, నాలిక మీద వేసుకుని, నా మాటల్ని తన మాటల్లోకి తెచ్చి, అది ఎలాంటి పీపాలో ఎన్నాళ్ళున్నదో చెప్పేవాడు. చూసేవాళ్ళకు మొగుడూ పెళ్ళాల సరదాలా ఉండేది. నిజానికి కొన్నాళ్ళు మాకూ సరదాగానే ఉంది. ముక్కు మాత్రం లేవలేదు.

స్కై దీవిలో ఒడ్డునే ఉంది ఫార్కర్ నడిపే డిస్టిలరీ. అతను గిల్లీస్‌కి పాత స్నేహితుడు. గుమ్మంలోనే మర్డో భుజం మీద చరిచాడు.

"రావయ్యా మర్డో! మీ గిల్లీస్ ఫోన్ చేశాడు. మావాడు వస్తున్నాడు, ఆ ముక్కు ఎలా ఉందో ఓసారి చూడు, సంతకం పెట్టే ముందు నాకో మాట చెప్పు అన్నాడు."

మర్డో నా వైపు చూశాడు. ఫార్కర్ మమ్మల్ని గోదాములోకి తీసుకెళ్ళాడు. మూడు పీపాల్లోంచి తీసి గ్లాసుల్లో పోశాడు. మొదటి రెండూ ఎలాగో గడిచాయి. మూడోది మర్డో చాలాసేపు పట్టుకుని నా చేతికిచ్చాడు.

"అబ్బ, తడిసిన అగ్గిపుల్లలు," అన్నాను మొహం చిట్లించి. "దాని వెనక కోడిగుడ్డు ఎక్కువసేపు ఉడికినట్టు."

"గంధకం," అన్నాడు మర్డో వెంటనే. "షెర్రీ పీపా. తెచ్చేముందు పురుగు పట్టకుండా లోపల గంధకం వెలిగించారు. దీన్ని ఇంకెంతకాలం ఉంచినా బాగుపడదు ఫార్కర్, పక్కన పెట్టెయ్."

ఫార్కర్ పెద్దగా నవ్వాడు. "కావాలనే పెట్టాను దాన్ని! పెళ్ళాంతో పరాచికాలాడుతూనే పట్టేశావు. సాయంత్రమే గిల్లీస్‌కి చెప్తాను. కుర్చీ నీదే పో!"

వాళ్ళావిడ మాకు చేపల సూపూ, ఓట్ బిస్కట్లూ పెట్టింది. మర్డో సగం వదిలేశాడు. కారెక్కి బయల్దేరాం. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు, మధ్యలో ఒంటి దారి. మా వెనకాల నాలుగైదు బళ్ళు చేరాయి. తప్పుకునే జాగా రాగానే వాళ్ళని ముందుకు పంపుదామని పక్కకు తీశాను.

"కారు వెనక్కి తిప్పు," అన్నాడు మర్డో.

"ఏం మర్చిపోయావు?"

"ఏం మర్చిపోలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడి మాట మీద వందల పీపాలు నడుస్తాయి సెంగా. అక్కడ నా పక్కన నువ్వుండవు. రేపు నేను బాగుందన్నది పాడైతే, పేరు పోయేది నాదొక్కడిదే కాదు, మన డిస్టిలరీ వాళ్ళందరిదీ."

"ముక్కు తిరిగొస్తే? డాక్టరు రావచ్చన్నాడు కదా," అన్నాను. నాకూ ఆ కుర్చీ మీద అంత ఆశ ఉండేదని ఆ మాట అన్నాకే తెలిసింది.

"వస్తే అప్పుడే అడుగుతాను. తిప్పుతావా, నన్ను దిగి నడవమంటావా?"

తిప్పాను అమ్మా. కారు పొడుగంత కూడా వెడల్పు లేని రోడ్డు మీద తిప్పాను. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం, మళ్ళీ ముందుకు. వెనక చక్రం కాలవ అంచు మీద ఉంది. రెండు వైపులా బళ్ళు ఆగిపోయాయి. ఒక రైతు ట్రాక్టరు మీంచి, "వస్తోంది, వస్తోంది, ఇంకా తిప్పమ్మా, ఆ, ఆగు!" అని అరుస్తూ సాయం చేశాడు. బండి తిన్నగా నిలబడ్డాక టోపీ తీసి ఊపాడు. మర్డో తన సీటులో ముందుకు వంగి కూర్చున్నాడు. ఒక్కసారైనా నాకు సలహా చెప్పలేదు.

ఫార్కర్ ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. మర్డో దిగి టోపీ తీసి నిలబడ్డాడు.

"ఫార్కర్, నాకు వాసన తెలీదు. ఫిబ్రవరి నుంచి తెలీదు. ఇందాక నువ్వు విన్నదంతా ఈవిడ ముక్కు."

ఫార్కర్ మర్డోనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. "మరి గంధకం అన్నదెవరు?"

"అది నేనే."

"అంటే ఇద్దరు కలిస్తే ఒక బ్యాక్‌స్టర్ అన్నమాట," అన్నాడు. కానీ ఈసారి నవ్వలేదు. "ఈ మాట చెప్పడానికి వెనక్కొచ్చావా? నేనెలాగూ కనిపెట్టేవాణ్ణి కాను కదయ్యా."

"కనిపెట్టవనే వచ్చాను," అన్నాడు నీ అల్లుడు.

అక్కడి ఫోను నుంచే గిల్లీస్‌తో మాట్లాడాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. "బ్యాక్‌స్టర్ తర్వాత కిర్స్టీని కూర్చోబెట్టండి. పిల్లకి వయసు తక్కువే, కానీ ముక్కు మంచిది. నేనే నేర్పాను. రాగి బానల పని నాకు వాసన లేకపోయినా వస్తుంది, వాటి చప్పుడు విని చెప్పగలను. అక్కడే ఉంటాను." అటునుంచి గిల్లీస్ చాలాసేపు ఏదో చెప్పాడు. "సరే సార్" అని మర్డో ఫోను పెట్టేశాడు. కిర్స్టీ పేరు నిన్న చెప్పారు. ఆ పిల్ల మా ఇంటికి పరిగెత్తుకొచ్చి మర్డోని పట్టుకుని ఏడ్చింది.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ఇది: కుర్చీ రాలేదు. ఇకముందు వస్తుందో రాదో తెలియదు. ఈ మాట పోయినసారే రాయాల్సి వచ్చుంటే తల దించుకుని రాసేదాన్ని. ఇప్పుడు అలా రాయడం లేదు. నువ్వు పెళ్ళిలో "మాట్లాడని మనిషి, లోపల ఏముందో ఎవరికి తెలుసు" అన్నావు. ఏముందో ఫార్కర్ వాకిట్లో నేను చూశాను. అన్నయ్యకీ, వదినకీ ఈ ఉత్తరం చదివి వినిపించు. మర్డో ఏమీ అనుకోడు, అడిగే రాస్తున్నాను.

ఆ రోజు మళ్ళీ అదే ఒంటి దారిలో బయల్దేరాం. చాలాసేపటి తర్వాత మర్డో తన వైపు అద్దం పూర్తిగా దించాడు.

"సెంగా, బయట ఏం వాసనొస్తోంది?"

కారు నెమ్మది చేసి గాలి పీల్చాను. "సముద్రపు నాచు. తడిసిన గొర్రెలు. ఆగు... ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు."

"ఉల్లిపాయలా?" అని తల బయటికి పెట్టి చూశాడు. "ఎక్కడ? నాకిప్పుడు ఆకలేస్తోంది!"

ఇట్లు,
నీ అల్లుణ్ణి ఇంటికి క్షేమంగా తెచ్చిన
నీ కూతురు సెంగా