ఐసుపెట్టెలో ఇంజిను డబ్బు

ఎచ్చెర్ల, జూన్ 1, సోమవారం

దేముడమ్మత్తకు మేనకోడలు సుహాసిని నమస్కారాలు.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం: బస్సు కండక్టరు కొండబాబు హాస్టలుకొచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. డబ్బు మాటలు ఫోనులో చెబితే దొంగలు వింటారట! సరే. నువ్వు షేర్లు అమ్మిన తొంభై వేలు బ్రోకరు దగ్గర ఖాతాలో ఊరికే పడున్నాయి. పదిహేనున నిషేధం తీరి వేట మొదలయ్యేలోగా తెప్పకు ఇంజిను కొనాలి కదా, అందాకా ఓవర్‌నైట్ ఫండులో పెట్టు. భద్రం. అడిగిన మర్నాడు బ్యాంకులో పడుతుంది.

తా.క. కవరుకు ఎండుచేపల వాసన. వార్డెను నా పెట్టె సోదా చేసింది.

భావనపాడు, జూన్ 4

ఒసే సుహాసినీ, దీవెనలు.

మంగళవారం పెట్టినాను. బుధవారం తీయమన్నాను. ఇయాళ బ్యాంకుకెళ్లి నోట్లు సూసుకున్నాను, బాగున్నాయి. మళ్లీ పెట్టీసినాను.

మీ అత్త

తా.క. బ్యాంకోడు నన్ను సూస్తే కౌంటరు మూసేస్తన్నాడు.

ఎచ్చెర్ల, జూన్ 5

అత్తా!

తీయడమెందుకు? ఫోనులో అంకె కనిపిస్తుందిగా! దాచడమంటే ముట్టకపోవడం. మూడు పేజీల వివరణ జతచేశాను. ఇక ముట్టకు, నా మీద ఒట్టు.

తల పట్టుకున్న సుహాసిని

భావనపాడు, జూన్ 8

ఒసే,

ముప్పై ఏళ్లు సేపలమ్మినాను. ఐసుపెట్టెలో ఏసిన సేపని రోజూ తిరగెయ్యాల, మొప్ప ఎత్తి సూడాల. మూత మీద అంకె సూస్తే సేప బాగున్నాదో లేదో తెలుస్తాదేటి? ఒట్టేసినావు కాబట్టి ఊరుకుంటన్నాను.

నీ మొండి అత్త

తా.క. నీ మూడు పేజీలూ శానా బాగున్నాయి. ఆటిలో రెండు కేజీల ఎండు నెత్తళ్లు సుట్టినాను.

ఎచ్చెర్ల, జూన్ 12, శుక్రవారం

అత్తా, నన్ను తిట్టు.

శని, ఆదివారాలు ఫండువాళ్లకూ సెలవని ఇప్పుడే చదివాను. ఈ సాయంత్రం అడిగినా డబ్బు చేతికొచ్చేది మంగళవారమే. ఇంజిను లేదు, తొలి వేటా లేదు. ఒట్టు వేసి మరీ నిన్ను ఆపాను.

ముఖం చూపించలేని సుహాసిని

భావనపాడు, జూన్ 14

ఒసే పిచ్చిమొకమా,

ఏడవకు. నీ ఒట్టు తీసి గట్టున పెట్టినాను, కోపమొద్దు. బుధవారం మనసాగక తీయమని నొక్కీసినాను. గురువారం నోట్లు సూసి బ్యాంకు మెట్లు దిగుతుంటే టెక్కలి ఇంజినుల కొట్టోడు ఎదురొచ్చినాడు. అక్కడే బేరమాడీసి కొనీసినాను. రేపు నువ్వు రాగానే తెప్ప దిగుతాది. మొదటి బస్సుకి వచ్చీ.

మీ అత్త

తా.క. మీ మావ నిన్నటి నుంచి ఇంజిను విప్పి సూస్తన్నాడు, మళ్లీ బిగిస్తన్నాడు. మూడు బోల్టులు మిగిలిపోనాయి. రేపు పొద్దున వచ్చినప్పుడు నీ ఎంట ఒక మెకానిక్కుని తీసుకురా.