నిద్ర కాదు నాయనా

నాయనా,

నిన్న మదనపల్లెలో ఆపరేషన్ చేసి నా బిడ్డను తీశారు. ఆడపిల్ల. చెవులు అచ్చం నీవే.

వెన్నులో సూది వేసే ముందు డాక్టరమ్మ, "అనస్థీషియా అంటే నిద్ర కాదమ్మా. నడుం కింద నొప్పి తెలీదు, అంతే. నువ్వు మేలుకునే ఉంటావు" అంది. హెర్నియాకు కూడా ఇదే సూదా అని అడిగాను. చాలామందికి ఇదేనంది.

పుంగనూరు, కుప్పం బస్సు ముప్పైయేళ్లు నడిపావు నువ్వు. రిటైరయ్యాక కూడా బస్సెక్కితే డ్రైవరు వెనకే కూర్చుని రోడ్డు చూసేవాడివి, కునుకు తీసేవాడివి కాదు. ఆసుపత్రిలో నీ హెర్నియా ఆపరేషన్ కాగితం చేతిలో పట్టుకుని, "అనస్థీషియా అంటే ఏందిమ్మా?" అని నన్నడిగావు. ఫోను చూసుకుంటూనే "నిద్రపుచ్చుతారులే నాయనా" అన్నాను.

"ఇంకొకడు తోల్తాంటే నేను నిద్రపోయేదా? నాకొద్దు" అని లేచి ఇంటికొచ్చేశావు. నేను నవ్వాను కూడా.

ఆర్నెల్లకు ఆ హెర్నియాలోనే పేగు ఇరుక్కుంది. ఆసుపత్రికి తీసుకుపోతుంటే పలమనేరు దాటకముందే పోయావు. అప్పుడు కూడా కళ్లు తెరిచే ఉన్నావు.

నిన్న నేనూ అంతసేపూ కళ్లు తెరిచే ఉన్నాను. కోత తెలియలేదు. బిడ్డ మొదటి ఏడుపు మాత్రం విన్నాను.

ఈ పొద్దు పక్క మంచంలోని బైరెడ్డిపల్లె పెద్దామె, "రేపు నాకూ ఆపరేషనంట. మత్తు ఇస్తే ఏమవుతాదిమ్మా?" అని అడిగింది. మోగుతున్న ఫోను పక్కన పెట్టి అంతా చెప్పాను. అర్థమైందో లేదోనని మళ్లీ చెప్పాను.

"సాల్లేమ్మా, తెలిసింది" అంది.

అయినా ఇంకోసారి చెప్పాను.