వెచ్చటి గౌను

మార్చి 3, సోమవారం

వచ్చినవాళ్ల పేరు, వయసు అడగడం పోతే, ఈరోజు మొత్తం నేను మాట్లాడింది మూడు మాటలు. గాలి పీల్చండి. ఆపండి. వదలండి. వాటినే యాభై ఎనిమిది సార్లు.

ఈ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో చేరి ఏడు నెలలైంది. అద్దం వెనక నిలబడి ఊపిరి ఆపమన్న ప్రతిసారీ నేనూ ఆపుతాను. ఎవరూ ఆపమనలేదు, అలవాటైపోయింది. లెక్కేస్తే రోజుకి ఓ నాలుగు నిమిషాలు నేను బతకడం లేదు.

ఈ ఊళ్లో నాకు తెలిసిన పక్కటెముకలు వేలల్లో ఉన్నాయి. తెలిసిన మనుషులు లేరు. గదికొచ్చి తాళం రాకపోతే దాంతోనే పోట్లాడాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మ ఫోన్ చేసి తిన్నావా అంటుంది. తిన్నానంటాను. ఆ తర్వాత ఇద్దరికీ ఏం తోచదు. వేరే చోట్లకి నాలుగు అప్లికేషన్లు పెట్టాను. అక్కడ మాత్రం ఏముంటుంది? ఇంకో అద్దం.

మార్చి 5, బుధవారం

స్టాఫ్ అందరికీ ఏటా తీసే ఛాతీ ఎక్స్‌రేలు. మా గది తుడిచే ఆయమ్మ వంతు వచ్చింది. గౌను వేసి, స్టాండ్ ముందు నిలబెట్టి, గడ్డం పైకెత్తమన్నాను. ఎడమ భుజం ముందుకి రాదు పాపా, అప్పుడెప్పుడో బకెట్లతో మెట్లమీంచి దొర్లాను, ఎముక వంకరగా అతుక్కుంది అంది. అని దగ్గింది. రెండు నెలలుగా దగ్గుతోంది. నేల తుడిచే మందు పడట్లేదని తనే తేల్చేసుకుంది.

నేను బటన్ దగ్గరికి వెళ్లేలోపు తలుపు తెరుచుకుంది. మా సీనియర్. వెనకాల చైర్మన్‌గారి అక్కగారు. మేడమ్‌ది ఒక్క నిమిషం పని, ముందు కానిచ్చెయ్ అన్నాడు.

ఆయమ్మని దిగమని ఎవరమూ అనలేదు. తనే దిగింది. తెర వెనక్కి వెళ్లి, గౌను విప్పి అందించింది. అక్కగారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఛీ, ఇంకా వెచ్చగా ఉందమ్మా, ఎవరు తొడుక్కున్నారో ఏమో, కొత్తది లేదా అన్నారు.

తెచ్చాను. పరిగెత్తి మరీ తెచ్చాను. ఈ ముక్క రాసుకోవాలి.

తెర పక్కనే ఆయమ్మ, వినపడనట్టు.

మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం

అక్కగారి కుడి ఊపిరితిత్తిలో, పైభాగాన, మచ్చ. పదకొండింటికి రిపోర్ట్ వచ్చింది. పదకొండున్నరకల్లా ముగ్గురు డాక్టర్లు, ఆవిడ కోసం ఖాళీ చేయించిన స్కానింగ్ గది. చైర్మన్‌గారు లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి వచ్చారు. అక్కంటే ప్రాణమట. ఆయన మొహం చూస్తే నమ్మబుద్ధేసింది.

ఆయమ్మది నార్మల్. కాగితం చేతికిస్తే మురిసిపోయింది. మా కోడలు నన్ను ముసల్దానా అంటుంది, లోపలంతా ఇనుమని దీన్ని గోడకి అంటిస్తా అంది. నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు.

అదే రోజు, సాయంత్రం ఆరు

స్కాన్‌లో అక్కగారికి ఏమీ లేదట. మచ్చ మాయం. దేవుడి దయ అన్నారు కొందరు, మెషీన్ తప్పు అన్నారు కొందరు. మెషీన్ అంటే సర్వీస్‌వాళ్లని పిలవాలి కాబట్టి మా సీనియర్ దేవుడికే ఓటేశాడు.

అందరూ వెళ్లాక అక్కగారి ఎక్స్‌రే మళ్లీ తెరిచాను. మచ్చ కోసమే తెరిచాను. కళ్లు ఇంకోచోట ఆగిపోయాయి. మెడ కింద, ఎడమవైపు ఎముక. మధ్యలో ముడి. విరిగి, వంకరగా అతుక్కున్న ఎముక.

అక్కగారు బకెట్లు మోసి ఉండరు.

మార్చి 8, శనివారం

ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. స్క్రీన్ మీద ఆయమ్మ పేరు తెరిచి ఉంచాను. ఎదుట మనిషి మారింది, నేను పేరు మార్చలేదు. అక్కగారి బొమ్మ ఆయమ్మ పేరు కింద పడింది. తర్వాత ఆయమ్మ వచ్చి నిలబడితే, ఆ బొమ్మ లిస్టులో తర్వాతి పేరు కింద, అంటే అక్కగారి పేరు కింద పడింది.

పేరు, వయసు అడిగి, స్క్రీన్ చూసుకుని, అప్పుడు బటన్ నొక్కాలి. అది రూల్. అక్కగారిని అడగడానికి భయం. ఆయమ్మని అడగడమెందుకు, తెలిసిన మనిషేగా.

తెలిసిన మనిషి. ఏడు నెలలుగా నా కుర్చీ కింద తుడుస్తోంది. స్క్రీన్ మీద పేరు ఆవిడదని పోల్చుకోలేకపోయాను.

సీనియర్‌కి చెప్పాను. లేచి తలుపేశాడు. అక్కగారు క్షేమం, కేసు క్లోజ్, నువ్వెందుకమ్మా కెలుకుతావ్ అన్నాడు. వచ్చే నెల ఏదో వంక పెట్టి ఆయమ్మకి ఇంకోటి తీద్దాం, నీ ఉద్యోగం నీకుంటుంది, నాది నాకుంటుంది అన్నాడు. చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే డ్యూటీ చేసిపెట్టిన మనిషి.

అదే మచ్చ. అక్కగారిదైతే అరగంట. ఆయమ్మదైతే వచ్చే నెల.

మార్చి 9, ఆదివారం

జరిగిందంతా సూపరింటెండెంట్‌కి ఉత్తరం రాసిద్దామనుకున్నాను. రాయలేదు. బట్టలు ఉతికాను. ఉతికినవే మళ్లీ.

మార్చి 10, సోమవారం

రాశాను. ఒక్క పేజీ. సూపరింటెండెంట్ చేతికే ఇచ్చాను. చదివి, కళ్లజోడు తీసి, నువ్వు ఎవరి తాలూకు అని అడిగారు. ఎవరూ లేరండీ అన్నాను. అబద్ధం కాదు కదా. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు.

అక్కణ్ణుంచి నేరుగా దుప్పట్లు ఉంచే గదికి వెళ్లాను. ఆయమ్మ మడతలు పెడుతోంది. అంతా చెప్పేశాను. ఏడుస్తుందని భయపడ్డాను. పోన్లే పాపా అంటుందని లోలోపల ఆశపడ్డాను కూడా. రెండూ కాదు. దుప్పటి కింద పడేసి నా మీదికొచ్చింది. గుమ్మంలో తుడుస్తూ రోజూ వింటున్నా, అందర్నీ పేరడుగుతావు, చంకలో పిల్లాణ్ణి కూడా పేరేంటి నాన్నా అంటావు, నన్నెందుకు అడగలేదే అంది.

పాపా నుంచి ఒసేయ్‌లోకి దిగింది. నాకు అదే నయమనిపించింది.

ఆవిడకి కొత్త గౌను కోసం ఏం పరుగు పరిగెత్తావు, ఇప్పుడు నాకోసం పరిగెత్తు అంది.

చెయ్యి పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టర్ గది దాకా పరిగెత్తాను. బయట పెద్ద లైను. స్టాఫేగా, లోపలికి వెళ్లిపోదాం అన్నాను. చెయ్యి లాగేసుకుంది. వాళ్లు మనుషులు కారా, మన వంతు రానీ అంది. గంటన్నర నిలబడ్డాం. అప్పుడడిగాను, పేరు. కాసేపు బెట్టు చేసి చెప్పింది.

ఇక్కడ రాయను. కావాలంటే ఎవరికి వాళ్లు ఆవిణ్ణే అడగాలి.

మార్చి 14, శుక్రవారం

ఉద్యోగం పోయింది. కాగితం వచ్చింది.

ఆయమ్మకి టీబీ. ఆరు నెలలు మందులు వాడితే పూర్తిగా తగ్గుతుందట. ఇంకో ఏడాది ఇనుమనుకుంటూ తిరిగి ఉంటే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడట. ఫోన్ చేసి తనే చెప్పింది. ఈ వారం అమ్మది కాకుండా వచ్చిన ఒకే ఒక్క ఫోన్. గోడకి అంటించిన కాగితం కోడలు పీకేసిందట, ముసల్దానా అనడం కూడా మానేసిందట, ఇల్లంతా బోసిగా ఉందట.

పెట్టేసే ముందు, ఆ గదిలో ఉండేది మనిద్దరమే, దగ్గు నీకూ అంటుకుందేమో, వెళ్లి తీయించుకో అంది. వెళ్తాలే అన్నాను. లే కాదు, వెళ్లు అంది.

మార్చి 17, సోమవారం

వేరే ఆసుపత్రి. నలభై ఒకటో నంబరు. తెర వెనక గౌను అందించారు. ఇంకా వెచ్చగా ఉంది.

తొడుక్కున్నాను.

అద్దం వెనక ఎవరో అమ్మాయి. పేరు అడిగింది. చెప్పాను. గాలి పీల్చి ఆపమంది. ఓరకంట చూశాను.

తనూ ఆపింది.