ఒంటి మీద ఉండాల్సింది

ఏప్రిల్ 12, ఆదివారం

తప్పు. ఈ రోజు పేజీ నెత్తిన నువ్వు అచ్చేసుకొచ్చిన సూక్తి, ‘ధైర్యం ఉన్నవాడికి దారి దానంతటదే దొరుకుతుంది’ — శుద్ధ తప్పు. దారి తప్పేది ధైర్యం ఉన్నవాడే. పిరికివాడు ఇంట్లో కూర్చుంటాడు, లేదా మ్యాపు పట్టుకెళతాడు. రిటైరయ్యేదాకా ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని. నాకు సూక్తులు వినిపించకు. డైరీవి, నోరు మూసుకుని రాయించుకో.

సంగతేమిటంటే, అల్లుడుగారు బంగారం వెతకడానికి ఆస్ట్రేలియా వెళ్తున్నారు. ఎడారిలాంటి ఎర్రనేల, మనిషి జాడ ఉండదు. వెంట స్నేహితుడు వేణు. అల్లుడుగారంటే, ఇక్కడ ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్‌లో ఇన్సూరెన్సు కంపెనీ సాఫ్ట్‌వేరు చూసుకునే మనిషి, బల్బు మార్చాలంటే ముందు వీడియో చూసే మనిషి... బంగారం. టికెట్లు కూడా అయిపోయాయి. మా అమ్మాయి సుధ ఈ కబురు నాకు చెప్పిన తీరు — కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతో.

“అక్కడ ఫోను సిగ్నలు ఉంటుందా?”

“ఉండదమ్మా. అదే కదా అందం అంటున్నాడు.”

అందం.

అల్లుణ్ణి అత్త ఏమీ అనకూడదు. వడ్డించాలి, నవ్వాలి, ‘ఇంకొంచెం వేసుకోండి బాబూ’ అనాలి. అనకూడనివన్నీ ఎక్కడో ఒకచోట పడాలి కాబట్టి నువ్వున్నావు.

ఏప్రిల్ 14, మంగళవారం

లండన్‌లో వెంబ్లీ నుంచి వేణు ఫోను. స్పీకరులో పెట్టారు. “ఆంటీ, మీరేం టెన్షన్ పడకండి. ఒక్క నగ్గెట్ దొరికిందంటే ట్రిప్ ఖర్చు వచ్చేసుద్ది.” సూపర్‌మార్కెట్టు బయట కారు ఎక్కడ పెట్టాడో తెలియక ఫోనులో గుర్తు పెట్టుకునే మనిషి. దారి చూపేది ఇతనట.

ఏప్రిల్ 17, శుక్రవారం

డైనింగ్ టేబుల్ మీద సంత. ఆపద వస్తే కబురు పంపే సాధనాలు — కొన్ని అద్దెకు తెచ్చినవి, కొన్ని లాప్‌టాప్‌లో బొమ్మలు. నాకు కాఫీ ఇచ్చే వంక ఉంది, అన్నీ చూశాను.

శాటిలైట్ ఫోనులో మాట్లాడొచ్చు. అంటే పాము కరిచినవాడు ఆకాశం బాగా కనిపించే చోటు వెతుక్కుని, యాంటెన్నా ఎత్తి, తానెక్కడున్నాడో తనకే తెలియకపోయినా స్పష్టమైన ఇంగ్లీషులో చెప్పాలి. కారు రేడియో ఇంకో కారుతో మాట్లాడడానికి — ఇంకో కారంటూ ఉంటే. అరచేతిలో ఇమిడే మెసెంజరు ఒకటి. ఉపగ్రహం మీదుగా మెసేజులు పోతాయి, వస్తాయి, సాయం కోరే బటను కూడా ఉంది. నెలనెలా చందా, తరచూ చార్జింగు. అల్లుడుగారి ఫోను సాయంత్రానికల్లా ఎర్రగీత మీద మూలుగుతూ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

చివరిది బీకన్. మాట్లాడదు, వినదు, ఫోటోలు పంపదు. చార్జింగు లేదు, చందా లేదు. బ్యాటరీ ఏళ్ళ తరబడి ఉలకకుండా కూర్చుంటుంది. యాంటెన్నా విప్పి బటను నొక్కితే ఆకాశానికి ఒకటే మాట చెబుతుంది: ఈ మనిషి, ఇక్కడ, చచ్చేలా ఉన్నాడు.

నాకు నచ్చింది బీకన్. అల్లుడుగారికి నచ్చింది మెసెంజరు.

“దీంట్లో రోజూ లొకేషన్ షేర్ చేయొచ్చు, ఫ్రెండ్స్ గ్రూప్‌లో అందరూ ఫాలో అవుతారు. బీకన్‌లో ఫీచర్స్ ఏం లేవు అత్తయ్యగారూ.”

ఫీచర్లు లేకపోవడమే దాని ఫీచరు నాయనా... అనలేదు. “ఇంకో గారె వేసుకోండి బాబూ” అన్నాను.

ఏప్రిల్ 18, శనివారం

పెరట్లో పరీక్ష. బంగారాన్ని పట్టిచ్చే డిటెక్టరు వచ్చింది. గచ్చు తుడిచే కర్రకు పళ్ళెం తగిలించినట్టు ఉంటుంది. దాన్ని ఊపుకుంటూ, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గడ్డి మీద అల్లుడుగారు. నేను బట్టలారేయడానికి వెళితే కుయ్యిమంది.

“అత్తయ్యగారూ, కొంచెం ఆ గాజులు...”

తీయలేదు. ఇవి బంగారమని చెప్పడానికి యంత్రం దేనికి? పెళ్ళిచూపులనాడు వియ్యపురాలు కంటిచూపుతోనే తూచింది.

దొరికినవి: సీసా మూత, తుప్పు మేకు, మనవరాలు మాయ చిన్నప్పుడు పారేసిన చెంచా.

చూడాల్సింది అది కాదు. నడుముకు తగిలించిన మెసెంజరు కాసేపటికోసారి ఉపగ్రహాన్ని పలకరిస్తుంది. పలకరించినప్పుడల్లా హెడ్‌ఫోన్లలో గోల. రెండు విద్యుత్ పరికరాలు పక్కపక్కన ఉంటే గోల ఉంటుందని డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లకు తెలుసు. అల్లుడుగారు విసుక్కున్నారు. మెసెంజరు తీసి బెంచీ మీద పెట్టారు. జేబులో ఫోను తీసి దాని పక్కన పెట్టారు. అప్పుడు హాయిగా ఊపుకుంటూ కంచె దాకా వెళ్ళిపోయారు.

అక్కడా ఇదే జరుగుతుంది. బెంచీ ఉండదు, కారు ఉంటుంది. ప్రాణం కార్లో, మనిషి ఇంకెక్కడో. తల నేలకేసి, చెవులు మూసుకుని, ఒక్కో కుయ్యి వెంట ఒక్కో పొద దాటుకుంటూ.

సుధతో చెప్పాను. “చెప్తాలే అమ్మా.” చెప్పదు.

ఏప్రిల్ 20, సోమవారం

ఊరి కౌన్సిల్ ఆఫీసు నుంచి ఫోను. చలికాలంలో మెట్ల మీద జారానని నా మెడకు వాళ్ళిచ్చిన ఎర్ర బటను లాకెట్టు — పడిపోతే నొక్కాలి, ఎవరో పలుకుతారు — అది పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడు నొక్కి చూడాలట. నొక్కాను. వంటింటి తలుపు హ్యాండిల్‌కు వేలాడుతూ దివ్యంగా పనిచేస్తోంది. ఆ నైలాను తాడు దురద. పైగా కుక్కకు బిళ్ళ కట్టినట్టు.

ఏప్రిల్ 25, శనివారం

రిహార్సలు. ఇద్దరూ నిన్ననే ఎడిన్‌బర్గ్ దాకా రైలెక్కి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, ఎక్కడో కొండల్లో వాగు పక్కన. స్కాట్లండు వాగుల్లోనూ రవ్వంత బంగారం ఉంటుందట. ఒప్పందం ఏమిటంటే, టీ వేళకల్లా ‘క్షేమం’ అని మెసేజు రావాలి. మాట ముందే రాసి పెట్టి ఉంది, నొక్కితే చాలు.

టీ అయింది. రాలేదు. సుధ ఫోనును బోర్లించడం, మళ్ళీ తిప్పడం. మాయ తల ఎత్తకుండానే — “డాడ్ ఆల్వేస్ ఫర్గెట్స్, అమ్మమ్మా. హీ విల్ బీ ఫైన్.” నేను పప్పు నానబోశాను. ఎవరికీ అక్కర్లేని పప్పు.

భోజనాలయ్యాక వచ్చింది. ‘క్షేమం.’ సుధ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ముందే రాసి పెట్టుకున్న క్షేమం ఏం క్షేమం?

ఏప్రిల్ 26, ఆదివారం

కుంటుతూ వచ్చారు.

“ఏం లేదత్తయ్యగారూ. షూ కొత్తది, కరిచింది.”

చీలమండ గుమ్మడికాయలా ఉంది. కొత్త షూ బాగానే కరిచింది. దింపడానికి వచ్చిన వేణు గుమ్మంలోనే మొత్తం కక్కేశాడు. ఇతనికి అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

“వాగులో రాయి మీద జారాడాంటీ. నేను అవతలి వంపులో ఉన్నా. అరిచాడంట, ఆ నీళ్ళ సౌండులో నాకేం వినపడలా. మెసెంజరేమో డిటెక్టర్‌కి గోలని కార్లో పెట్టేశాం కదా. దేక్కుంటా వచ్చాడు పాపం, కారు దాకా.”

“మరి క్షేమం అని ఎందుకు పంపినట్టు?”

“సుధ కంగారు పడుద్దని.”

కార్లో పెట్టేశారు. బెంచీ, కారు. నేనన్నానా లేదా? అన్నాను — నీతో, సుధతో.

ఏప్రిల్ 29, బుధవారం

ఆయన గుర్తొస్తున్నారు, రాయక తప్పదు. గుంటూరు ఆసుపత్రిలో బెల్లు ఆయన చేతి కిందే ఉంది. నేను స్నానానికని ఇంటికి వెళ్ళాను. ఆయాసం వచ్చింది. తర్వాత పక్క మంచం అతను చెప్పాడు: “నొక్కండి మాస్టారూ అన్నానండి. ‘పాపం ఆ నర్సమ్మాయి ఇప్పుడే కేరియరు విప్పుకుంది, తిననీ’ అన్నారు.”

ఆ పిల్ల తిన్నది. ఎంత మంచి మనిషో అని దినకర్మకు వచ్చినవాళ్ళందరూ అన్నారు. ఆ మంచితనం మీద నాకు ఇంకా కోపం తీరలేదు.

అల్లుడుగారిదీ అదే జాతి. కాలు విరిగి ఎండలో పడి ఉన్నా ‘పాపం హెలికాప్టరు వాళ్ళకు శ్రమ’ అంటాడు. — అంటారు.

మే 1, శుక్రవారం

సుధ ఇంకా ‘చెప్తాలే’ దగ్గరే ఉంది.

మే 3, ఆదివారం

అనేశాను.

మధ్యాహ్నం, పెరుగన్నం దగ్గర. “రఘూ” అన్నాను. బాబూ లేదు, గారూ లేదు. సుధ చేతిలో గరిటె గాల్లోనే ఆగింది.

“బెంచీ మీద పెట్టడం నేను చూశాను. కార్లో పెట్టిన సంగతి వేణు చెప్పాడు. మెసెంజరు తీసుకెళ్ళు, కబుర్లు చెప్పుకో, వద్దనను. దాంతోపాటు బీకన్ తీసుకెళ్ళు. నొక్కేదాకా అది నోరెత్తదు, నీ డిటెక్టరుకు దానివల్ల గోల ఉండదు. బ్యాగులో కాదు, కార్లో కాదు. ఒంటి మీద ఉండాలి. నొక్కడానికి మొహమాటపడతావేమో, చూసేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు. అదే కదా అందం?”

అత్త అల్లుణ్ణి ‘నువ్వు’ అన్న ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది ఇల్లు. అతనికి కోపం రాలేదు. వస్తే నాకు సుఖంగా ఉండేది. కంచంలోకి చూస్తూ అడిగాడు:

“మీ లాకెట్టు ఎక్కడుందత్తయ్యగారూ?”

మాయ, తల్లి అరిచినా ఎత్తని తల ఎత్తింది. “ఆన్ ద డోర్. ఇట్స్ ఆల్వేస్ ఆన్ ద డోర్.” వేలు పెట్టి చూపించింది కూడా.

“అది వేరు” అన్నాను.

“ఎలా వేరు?”

ఇంతమంది పిల్లలకు ఇన్ని లెక్కలు చేయించినదాన్ని. “దురద” అన్నాను.

“నాకు గోల” అన్నాడు.

సుధ గరిటె కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది, ఆగలేదు. చివరికి బేరం కుదిరింది: నేను వేసుకుంటే అతనూ కట్టుకుంటాడట. “సరే” అన్నాడు. ఈ ‘సరే’ నాకు తెలుసు. ఆ ‘క్షేమం’కు తోబుట్టువు.

మే 6, బుధవారం

బీకన్ వచ్చింది. పసుపుపచ్చది, సబ్బుపెట్టెకన్నా చిన్నది. పేరు రిజిస్టరు చేయాలి, ఇంటి నంబరు ఇవ్వాలి. అతను నొక్కితే ముందు ఇంటికి ఫోను చేసి అడుగుతారట — మనిషి నిజంగా అక్కడికి వెళ్ళాడా, ఎవరెవరున్నారు, ఏ దారిన పోతామన్నారు అని.

ఎవరి నంబరు? సుధ తెలియని నంబరు ఎత్తదు. “స్కామ్ అయ్యుంటుందమ్మా.” మాయ తెలిసిన నంబరూ ఎత్తదు. వేణు అతని పక్కనే తప్పిపోయి ఉంటాడు. తెలియని ఫోనుకు పరిగెత్తి పలికేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. కరెంటు కంపెనీ మార్చుకోమని పిలిచే ప్రతివాణ్ణీ వాదించి ఓడించి పంపుతాను. నా నంబరే రాశారు.

రాశాక తట్టింది. ఆ ఫోను వచ్చే వేళకు నేను మెట్ల కింద పడి ఉంటే? ‘ఎలా వేరు’ అని అడిగాడు కదా. వేరు కాదు.

సాయంత్రం పెరట్లో మళ్ళీ పరీక్ష. బీకన్ నడుముకు, డిటెక్టరు నిశ్శబ్దం. నేను చెప్పినట్టే. కానీ వంగినప్పుడు దాని క్లిప్పు ఊడిపోతోంది. ఓసారి గడ్డిలో పడితే డిటెక్టరుతోనే వెతికారు. ఇవాళ్టిదాకా అది పట్టిచ్చిన అతి విలువైన వస్తువు.

మే 8, శుక్రవారం

ఆదివారం ప్రయాణం. వేణు రేపే వస్తున్నాడు, ఇక్కడి నుంచే ఇద్దరూ బయల్దేరతారు.

సర్దిన బ్యాగు చూశాను. బీకన్ అడుగున, సాక్సులో. తీసి టేబుల్ మీద పెట్టాను. కాసేపటికి మళ్ళీ బ్యాగులో ఉంది, ఈసారి పై జేబులో. నా లాకెట్టు పొద్దున మెడలో ఉంది, మధ్యాహ్నానికి హ్యాండిల్‌కు. అతనూ చూశాడు.

క్లిప్పుల మీద నాకు నమ్మకం లేదు. స్నానంలో కూడా విప్పనిది మనవాళ్ళ మగపిల్లలకు ఒక్కటే ఉండేది. దానికి తాయెత్తు కట్టినా, తాళంచెవి కట్టినా ఊడేది కాదు. అల్లుడుగారికి పెళ్ళినాటికే అది లేదు, నామోషీ. కట్టించుకుంటాడా? ‘సరే’ అంటాడు. విమానం దిగి విప్పేస్తాడో... ఏమో.

రేపు వేణు ఇల్లు కదిలేలోపు ఫోను చెయ్యాలి. వెంబ్లీలో పూజ సామాన్ల కొట్టు. నల్ల మొలతాడు, లావుపాటిది, నూలుది. నైలానుది వద్దు, ముడి జారుతుంది, దురద కూడా. రఘు నడుము కొలత ముందే సుధను అడిగి పెట్టుకోవాలి. రెండు తెమ్మనాలి. రెండోది ఎవరికని అడుగుతాడు, ఊరుకోడు. పొట్టిది చాలు అనాలి. అంతకుమించి చెప్పకూడదు.