పిసినారి లైబ్రరీ

అత్తయ్యకి నమస్కారాలు.

నేను క్షేమం. నా ఉద్యోగం క్షేమమని మాత్రం రాయలేను. నీ లైబ్రరీ మీద ఫిర్యాదు పోస్టులోనే రావాలనీ, మెయిల్ పంపితే చదవకుండా చెరిపేస్తాననీ నీ నియమం కదా, అందుకే ఈ కాగితం.

ఆస్పత్రిలో మంచం పక్కన మీట నొక్కితే నర్సు బల్ల మీద దీపం వెలిగే పెట్టె చేస్తున్నాం. లోపల అరచేతిలో పట్టే లినక్స్ బోర్డు. ప్రోగ్రాము నడవడానికి అందరూ వాడే పెద్ద సీ లైబ్రరీ అందులో పట్టదు, మా అత్తయ్య రాసిన తేలిక లైబ్రరీ వేద్దామని నేనే చెప్పాను. వేశాం. మీట నొక్కగానే దీపం వెలగడానికి బదులు ప్రోగ్రాము కూలిపోతోంది. నెలాఖరుకి ఆస్పత్రివాళ్లు చూడటానికి వస్తారు. అప్పటికి ఆడకపోతే నన్ను ఇంటికి పంపేస్తారట.

ఇట్లు, నీ మేనల్లుడు

తా.క. పెద్ద లైబ్రరీతో, నా బల్ల మీది కంప్యూటర్లో ఇదే ప్రోగ్రాము శుభ్రంగా ఆడింది. నీకు కోపం తెప్పించాలని రాయడం లేదు.

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. దస్తూరి బాగుపడింది, బుర్ర సంగతి చూడాలి. మీ ప్రోగ్రాము ఒక్కో మంచాన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఒక్కో థ్రెడ్డు నడుపుతుంది కదా. దానికి పని చేసుకోవడానికి నా లైబ్రరీ ఇచ్చే చోటు నూట ఇరవై ఎనిమిది కేబీ. పెద్ద లైబ్రరీ ఎనిమిది ఎంబీ ఇస్తుంది. ఉన్నవాళ్లు, ఇస్తారు. ఆ చోట్లో మీవాళ్లు ఏం పరిచారో వెతుకు.

మీ అత్తయ్య

తా.క. అది రాసిన మహానుభావుడెవరో కూడా కనుక్కో. ఊరికే, దండం పెట్టుకుందామని.

అత్తయ్యకి నమస్కారాలు.

దొరికింది. మీట ఎన్ని గంటలకి నొక్కారో రాసుకునే ఫైలు ఒకటుంది. ఆ ఒక్క ముక్క రాసుకోవడానికి ప్రతి థ్రెడ్డూ ఒక ఎంబీ, అంటే నువ్విచ్చే చోటుకి ఎనిమిదింతలు, పరుచుకుంటోంది. మేనేజర్‌గారికి చూపించాను. "ఆ ఫైలు ఏళ్ల తరబడి ఆడుతోందయ్యా. తప్పు మీ అత్తయ్య పిసినారి లైబ్రరీది. ఆవిడ క్షమాపణ రాసిస్తే సరే, లేకపోతే అదీ ఉండదు, నువ్వూ ఉండవు" అన్నారు. ఫైలు ముట్టుకోవద్దన్నారు. నాకు భయంగా ఉంది. రెండు ముక్కలు రాసెయ్యి, నీకు పుణ్యముంటుంది.

ఇట్లు, నీ మేనల్లుడు

తా.క. ఆయనకి వెటకారం అర్థం కాదు. మనకున్న అదృష్టం అదొక్కటే.

చిరంజీవికి ఆశీస్సులు.

క్షమాపణ కింద ఉంది. కత్తిరించి ఇచ్చుకో.

"అయ్యా, చెంబుడు నీళ్లకి చెరువు తవ్వే ప్రతిభావంతుడి పనితనం నా చిన్న లైబ్రరీలో పట్టనందుకు సిగ్గుపడుతున్నాను. అతనికి ఈ విద్య నేర్పిన గురువుగారికి నా వందనాలు. అలాంటివాళ్ల చేతికి కీబోర్డు ఇచ్చినవాళ్లందరి తరఫునా క్షమించమని వేడుకుంటున్నాను."

మీ అత్తయ్య

తా.క. అచ్చుతప్పులు లేవు, రెండుసార్లు చూశాను.

అత్తయ్యకి నమస్కారాలు.

మేనేజర్‌గారు మురిసిపోయి నీ క్షమాపణని నోటీసు బోర్డుకి అంటించారు. ఆస్పత్రి తరఫున వచ్చిన ఇంజినీరమ్మ అది చదివి, గోడ పట్టుకుని నవ్వి, ముందు ఆ ఫైలు చూపించమంది. ఇక దాచడానికేముంది. ఆవిడ ముందే ఎంబీని నాలుగు కేబీ చేశాను. పన్నెండు మీటలూ ఒకేసారి నొక్కారు. పన్నెండు దీపాలూ వెలిగాయి. ఆ సాయంత్రమే నా ఉద్యోగం పర్మనెంటు చేశారు.

ఆవిడ ఊరుకోలేదు, ఆ ప్రతిభావంతుడెవరో చూడాలంది. మా కాపీలో పై నాలుగు వరుసలు ఎవరో కోసేశారు. పాత డిస్కు వెతికి అసలు ఫైలు తీశాం. పైన ఇలా ఉంది: "క్లాసులో పంచడానికి నమూనా. సరిదిద్దాలి." కింద నువ్వు పాఠాలు చెప్పే రోజుల నాటి తేదీ, నీ పేరు.

అందరం నోటీసు బోర్డు వైపు తిరిగాం. పాపం మేనేజర్‌గారే, "పెద్దావిడ, తీసేద్దామా?" అన్నారు. "ఉండనివ్వండి సార్, అందులో ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు" అన్నాను.

ఇట్లు, నీ మేనల్లుడు

తా.క. నీ వందనాలు గురువుగారికి చేరాయని అనుకుంటాను.