తెడ్డు వేయని పడవవాడు

మంగళవారం

కోపం ఇంకా దిగలేదు. మూడింటికి రాహుకాలం వస్తుందని మా గేముల ఆఫీసు ఓనర్ సత్యం గారు మా పడవ పందెం గేమ్‌ని హడావిడిగా బెంగళూరు క్లయింట్‌కి పంపించేశారు. పది నిమిషాలు ఆగండని బతిమాలాను. "కింద బట్టల కొట్టు ఇరవై ఏళ్లుగా మంచి టైం చూసుకునే నడుపుతున్నాను. నువ్వు చెబుతావేంట్రా నాకు?" అన్నారు.

క్లయింట్ తెరిస్తే పడవ పోతోంది, పడవవాడు మాత్రం తెడ్డు వేయడం లేదు. రెండు చేతులూ పక్కలకి చాపి కొయ్యలా నిలబడ్డాడు. కదలిక తగిలించకపోతే గేమ్‌లో ఏ బొమ్మైనా అంతే. ఫోన్‌లో వాళ్ల నవ్వులు ఆఫీసంతా వినబడ్డాయి. సత్యం గారు నా ఎదుటే, "మావాడు కాలేజీకి వెళ్లలేదండి, వీడియోలు చూసి నేర్చుకున్నాడు," అన్నారు.

ఆయన ఫోన్ పెట్టగానే అరిచాను. "నా చదువు కాదండి, మీ రాహుకాలం చేసిందిది. పది నిమిషాలిస్తే ఇలా అయ్యేదా?"

ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు ఓసారి చూశారు. "సరేరా. రేపు పొద్దున్నే తప్పు నాదని వాళ్లకి నేనే చెబుతాను," అన్నారు.

ఇంతవరకూ రాశాక, ఇంట్లోనే ఫైలు తెరిచాను. తెడ్డు వేసే కదలిక పడవవాడి పాత బొమ్మకే ఉంది. దాని బదులు పెట్టిన కొత్త బొమ్మకి తగిలించడం నేనే మర్చిపోయాను. ఆ పది నిమిషాలు నేనడిగింది నీళ్ల రంగు మార్చడానికి. పడవవాడి వైపు చూసేవాణ్ణే కాదు.

చెబితే చదువులేనివాడి పని ఇంతేనంటారు, ఉద్యోగం కూడా పోవచ్చు. చెప్పకపోతే ఆయన తొమ్మిదింటికి నా ముందే ఫోన్ చేసి, తప్పు నాదండి అంటారు. నేను పక్కనే నిలబడి వినాలి...